అత్త కలిపిన పిడికెడు

బస్సు ఇంకా కదల్లేదు. కండక్టర్ కింద నిలబడి టీ తాగుతున్నాడు, గ్లాసులో ఇంకా సగం ఉంది, సగం గ్లాసంటే రెండు నిమిషాలు, ఇలా కనబడ్డ ప్రతిదానికీ కొలత కట్టడం నాకు ఎప్పటినుంచో ఉన్న రోగం. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ గంట ప్రయాణం. పదకొండున్నరకు అక్కడి కాలేజీలో నా ఉపన్యాసం. ఈ గంటలోగా మదురై నుంచి సింధుజ ఫోన్ చేయాలి. సింధుజ నా ఆఖరి విద్యార్థిని, వచ్చే జూన్‌లో నేను రిటైరైతే నా ల్యాబు తలుపు మీద ఇంకెవరి పేరో ఎక్కుతుంది. ఆ పిల్ల నాకు చెప్పాల్సింది ఒక్క ముక్క. ముప్పై మూడేళ్ళ కింద నేను నోటుబుక్కులో అంటించి దాచుకున్న ఐదు ఎండు ఆకుల్లో ఉన్నది ఒక వైరసా, రెండు వైరసులా. ఒకటైతే నాకు పేరు తెచ్చిన పరిశోధన నిజం. రెండైతే అది తప్పు, నా మొదటి విద్యార్థి మాధవన్‌ని నేను అన్యాయంగా ల్యాబు నుంచి సాగనంపినట్టు. ఆ మాధవనే ఇవాళ నన్ను ఉపన్యాసానికి పిలిచాడు, విరుదునగర్ బస్టాండులో నా కోసం నిలబడి ఉంటాడు. ఒళ్ళో సంచీ, సంచీలో ల్యాప్‌టాప్, దాని మీద మా నాయన తోబుట్టువు వల్లియమ్మత్త పొద్దున ఇచ్చిన మూట, గుడ్డలో గట్టిగా ముడేసిన పిడికెడు మినుములు, మా ఇళ్ళల్లో ఉద్దులంటాం. టీ అయిపోయింది, కండక్టర్ ఎక్కాడు.

బస్సు కదిలాక పక్క సీటావిడ తమిళంలో పలకరించింది. ఏ ఊరు, ఎందరు పిల్లలు, ఏం ఉద్యోగం. వైరస్‌ల మీద పని చేస్తానన్నాను. ఆవిడ జానెడు అటు జరిగి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నా వైరస్ మనుషుల జోలికి రాదమ్మా అని చెబుదామనుకుని ఊరుకున్నాను, జానెడు చోటు కలిసొస్తే ఎందుకు వదులుకోవాలి. కిటికీలోంచి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గోడ, కడలమిట్టాయి అనే పల్లీపట్టీల అంగళ్ళు, తర్వాత ఒక్కసారిగా నల్లరేగడి. మొన్న వాన పడింది. చేలల్లో విత్తుతున్నారు, ఒకడు ట్రాక్టరుతో, ఇంకొంచెం దూరంలో ఒకావిడ గంప చంకన పెట్టుకుని నాగలి చాలు వెంట నడుస్తూ. గంపలో ఏముందో ఇంత దూరానికి కనబడదు. మినుములే అయి ఉండాలి. ఆ మినుముల్లో ఎవరి మినుములున్నాయో ఆవిడకు తెలుసా? నెల కిందటి దాకా నాకు ఇలాంటి ప్రశ్న తట్టేదే కాదు, గంప గంపే, విత్తనం విత్తనమే. ఇప్పుడు గంప కనబడితే చాలు, దిగి చెయ్యి పెట్టి చూడాలనిపిస్తోంది.

మినుము మొక్క పుట్టిన మూడో వారానికి ఆకు మీద పసుపు మచ్చ కనబడుతుంది, చూస్తుండగా చేనంతా పండిన నిమ్మకాయ రంగుకు తిరుగుతుంది. పల్లాకు తెగులు. తెల్లదోమ ఒక మొక్క రసం తాగి ఇంకో మొక్క మీద వాలితే చాలు. చిన్నప్పుడు ఆ పసుపు నాకు చాలా అందంగా ఉండేది, అందంగా ఉందని నాయనతో అంటే వీపు మీద ఒకటి వేశాడు. ఆ వైరస్‌కు సొంత ఆస్తి ఏమీ లేదు, రెండు చిన్న డీఎన్ఏ ఉంగరాలు, పైన ఒక చొక్కా. ఆకు కణంలోకి దూరి, ఆకు తన జన్యువులకు నకళ్ళు రాసుకోవడానికి పెట్టుకున్న యంత్రాంగం చేతే తన జన్యువులకూ రాయించుకుంటుంది. ఇంటికొచ్చిన చుట్టం ఇంటివాళ్ళ కలంతో, ఇంటివాళ్ళ కాగితం మీద తన ఉత్తరాలు రాయించుకున్నట్టు. ఆ నకలు రాయడాన్ని మేం ట్రాన్స్‌క్రిప్షన్ అంటాం. నేను జీవితమంతా అడిగింది ఒకే ప్రశ్న. ఆ కలం మొదట ఎక్కడ ఆనుతుంది? ఏ అక్షరం దగ్గర? ఎందుకు ఆ అక్షరమే, పక్కది ఎందుకు కాదు? పెళ్ళిచూపులకు వచ్చిన ఒకాయన ఇది విని, దీనివల్ల ఉపయోగమేంటన్నాడు. తెలుసుకోవచ్చు అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు, నేనూ ఎదురు చూడలేదు.

తొంభై రెండో సంవత్సరం. డార్క్‌రూములో ఎర్ర బల్బు, మందునీళ్ళ పులిసిన వాసన, చేతిలో తడి ఎక్స్‌రే ఫిల్ము. ఒక నల్ల గీత కనబడాలి, ఆ గీత ఉన్న చోటును బట్టి కలం ఎక్కడ ఆనిందో లెక్క తేలుతుంది. రెండు గీతలు కనబడ్డాయి. పక్కపక్కన, పదకొండు అక్షరాల ఎడంతో, రెండూ సమానమైన నలుపుతో. ఆ ఫిల్మును పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, బయట ఎవరో తలుపు బాదుతున్నారు, నేను నవ్వుతున్నాను. ఒక జన్యువుకు రెండు మొదళ్ళు! ఆ ఆకులు మా నాయన తెచ్చినవి, పుదూరు దగ్గరి మా చేను నుంచి తడి గోనెసంచిలో చుట్టి బస్సెక్కి హాస్టల్ దాకా తెచ్చిచ్చాడు. పిడికెళ్ళ కొద్దీ ఆకులు కలిపి నూరాను, ఐదు మాత్రం గుర్తుకని నోటుబుక్కులో అంటించుకున్నాను. తర్వాత గాజు గదిలో పెంచిన మొక్కల్లో చూస్తే ఒకే గీత వచ్చింది. అయితే ఏమైంది, ఎండకు మాడే చేలో వైరస్ రెండో మొదలు కూడా వాడుకుంటుంది, చల్లని గాజు గదిలో దానికి అవసరం లేదు అని సిద్ధాంతం చేశాను. థీసిస్‌లో రాసిన మాట ఇప్పటికీ నోటికొచ్చు: ఒకే రైతు, ఒకే చేను, ఒకే విత్తనం. ఆ మాట మీదే ఉద్యోగం, ఆ మాట మీదే పేరు, విమానాలు, శాలువాలు. ఎవరైనా రెండో గీత రాలేదంటే, మీది మా ఊరి ఎండ కాదు కదా అనేదాన్ని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఎవరినైనా వెక్కిరించినప్పుడు ఒక్కసారి నా కుందేలు కాళ్ళు కూడా లెక్కపెట్టుకోవాల్సింది.

మాధవన్ లెక్కపెట్టాడు. వాడిదీ పుదూరు పక్కే, ఇంట్లో మాలాగే తెలుగు. ల్యాబులో అందరి ముందు మేడం, ఎవరూ లేనప్పుడు అక్కా. ఒకే వైరస్‌ను వేరు చేసి మొక్కలకు ఎక్కించి, ఆ మొక్కలను మా ఊరి ఎండకన్నా ఎక్కువ వేడిలో పెట్టాడు. ఒకటే గీత. మళ్ళీ చేశాడు. ఏడు సార్లు చేశాడు. ఏడో ఫిల్ము నా బల్ల మీద పెట్టి, గోడవైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "అక్కా, మీ ఆకుల్లో ఉండింది రెండు వైరసులేమో? దానికి ఒగ మొదులు, దీనికి ఒగ మొదులు." నాకు ఒళ్ళు మండింది. "మా నాయన చేన్లో విత్తనం ఒగటేరా. మా ఇంటి చేను నాకు తెలీదా?" వాడు ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆ ఆగడం నాకు గుర్తుంది, అప్పుడు దాన్ని ఓటమి అనుకున్నాను. పైగా ఇంకో మాట అన్నాను. "నీ చేతికి ఈ పని ఒప్పదు మాధవా." మా పనిలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. తెలివి లేదంటే చదువుకోవచ్చు, చెయ్యి లేదంటే ఏం చేసుకుంటాడు? నెల తర్వాత వెళ్ళిపోయాడు. ఇంకో చోట మూలికల మీద పట్టా తెచ్చుకుని విరుదునగర్‌లో వృక్షశాస్త్రం చెబుతున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క నిష్ఠూరం లేదు, ప్రతి దీపావళికీ శుభాకాంక్షలు. ఇప్పుడు ఉపన్యాసానికి పిలుస్తూ వాడే రాశాడు, మేడం, మా పిల్లలకు మీ రెండు మొదళ్ళ సంగతి చెప్పండి అని. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. ఎత్తిపొడుపా? గౌరవమా? లేక వాడికి నిజంగానే ఇంకా తెలుసుకోవాలని ఉందా?

సాత్తూరు. బస్సు ఆగగానే కిటికీల కింద బుట్టలు, కారాసేవు పొట్లాలు, చీరి కారం చల్లిన కీరాలు. పక్కావిడ రెండు కీరాలు కొని, ఏమనుకుందో, ఒకటి నా చేతిలో పెట్టింది. వైరస్‌ను క్షమించినట్టుంది. ఫోన్ చూశాను, ఏమీ లేదు. కీరా కొరుకుతుంటే అత్త మాట మళ్ళీ చెవిలో పడింది. మూడు వారాల కింద అత్తకు కంటి ఆపరేషన్ అయిందని కోవిల్‌పట్టిలో ఆమె కొడుకింటికి వెళ్ళాను. అత్త మెట్టినూరు వత్రాప్. మాటల్లో చెప్పాను, పుదూరు చేను అమ్మేశాం, ఇంక అక్కడ సోలార్ పలకలు వస్తాయి అని. అత్త కట్టు కట్టిన కంటితో పైకి చూస్తూ, "అయ్యో, అట్లనా. ఇంక చెప్పేస్తే ఏమి, చేనే లేదంటివే" అంది. చెప్పడమేమిటి అన్నాను.

"విత్తే ముందురోజు నేను వస్తానే, ఎందుకనుకుంటివి? మా వత్రాప్ ఉద్దులు ఒగ పిడికెడు కొంగున ముడేసుకోని వస్తా ఉంటిని. తెల్లారుతోనే మీ నాయన విత్తనాల గంపలో పోసి కలిపేస్తా ఉంటిని. ఆడపడుచు పిడికెడు పడితే తాయీ, పుట్టింటి చేను నిండుతుంది. విత్తి ముగిసే దాకా నోరు తెరవగూడదు. అప్పురం కూడా ఎవరికీ చెప్పగూడదు, చెప్తే పండదు. పెండ్లయిపోయిన ఏడు మొదులుకోని మీ నాయన ఉండే దాకా ఒగ ఏడు తప్పలే."

"నాయనకు తెలుసునా అత్తా?"

"తెలీకేమి, పావం. నేను గంప దగ్గరికి పోతానే, ఆ పక్క తిరిగి నిలుచుకుంటాడు, ఎద్దుల్ని చూసేవాని మాదిరి."

విత్తే రోజు పొద్దున అత్త ఎవరితోనూ మాట్లాడేది కాదు, అది నాకు తెలుసు! ఏటా చూశాను. అత్తకు పొద్దున్నే మూతి ముడుచుకునే గుణమని నేనూ మా అన్నా నవ్వుకునేవాళ్ళం, ఆమె నడిచినట్టు నడిచి చూపించేవాళ్ళం. ఏటేటా అదే రోజు, అదే మనిషి, అదే మౌనం. దానిమీద ఒక్క ప్రశ్న వేయలేదు నేను. వైరస్ ఏ అక్షరం దగ్గర మొదలుపెడుతుందని ప్రపంచమంతా తిరిగి అడిగినదాన్ని, మా అత్త ఎందుకు మాట్లాడదని మా వంటింట్లో అడగలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నాయన ఏటా తన పంటలోంచే విత్తనం తీసేవాడు, దానిలోకి ఏటా కొండ కింది వత్రాప్ విత్తనం. మా చేలో ఎన్ని రకాల మినుములు కలిసి పెరిగాయో దేవుడికీ అత్తకూ తెలియాలి. దోమ రెండు వైరస్‌లనూ మోసుకొచ్చి ఉంటుంది, ఒక రకం మొక్క ఒకదాన్ని, ఇంకో రకం ఇంకోదాన్ని రానిచ్చి ఉంటుంది, నేను అన్నీ కలిపి నూరి ఉంటాను. ఉంటాను, ఉంటుంది, ఉండాలి. ఇది కూడా ఒక కుందేలే కావచ్చు. అందుకే ఆ ఐదు ఆకులు సింధుజకిచ్చాను, నూరొద్దు, ఒక్కొక్కటీ విడిగా చెయ్యి అని. ఆ రోజు అత్త నా మొహం చూసి, "ఏమ్మా, నా పిడికెడుతో నీ చదువుకేమన్నా చెడుపాయెనా?" అంది. చుమ్మా, ఊరికే అడిగితినత్తా అన్నాను. చెడిందో లేదో నాకే తెలియదు మరి.

బస్సు వైప్పారు వంతెన దాటింది. ఏట్లో కొంచెం నీళ్ళు. ఒకవేళ ఒకటే వైరస్ అని తేలితే? నిజం చెప్పాలంటే అదే కోరుకుంటున్నాను, దేవుడికి మొక్కుకునేంత గట్టిగా కోరుకుంటున్నాను. ఒకటే అయితే ఈ కీరా తినేసి హాయిగా వెళ్ళి పాత స్లైడ్లు చూపించి భోంచేసి మదురై వెళ్ళిపోతాను. కానీ ఒకటే అయితే అత్త పిడికెడు ఏమైనట్టు, ఆ గింజలు మొలవలేదా, మొలిచి తెగులు రాకుండా పచ్చగా నిలబడ్డాయా? అది ఇంకా బాగుంటుంది కదా! చూడు, ఉరి తీస్తారా లేదా అని తేలకముందే తాడు ఏ నారతో పేనారని అడుగుతున్నాను. పొద్దున అత్త వత్రాప్ నుంచి తెప్పించిన గింజలు నా అరచేతిలో పోసి, వేళ్ళు మూసి, పైన తన చెయ్యి పెట్టి నొక్కింది. ఒక్క మాట మాట్లాడలేదు. పెదాలు బిగించి, గడపదాకా వచ్చి నిలబడింది. ఎనభై మూడేళ్ళు. 

టోల్‌గేట్ దగ్గర లారీల వెనక ఆగినప్పుడు ఫోన్ మోగింది. సింధుజ గొంతు తగ్గించి తమిళంలో చెప్పింది. మూడు ఆకుల్లో మన వైరస్ ఉంది మేడం. రెండు ఆకుల్లో ఉన్నది వేరే. ఆ వేరేదానిలో మొదలుకు పక్కన పదకొండు అక్షరాలు ఎక్కువున్నాయి. సరిగ్గా పదకొండు.  ఏ ఒక్క ఆకులోనూ రెండూ కలిసి లేవు మేడం, మూడుసార్లు చూశాను అంది. మంచిపని చేశావు, నీ చెయ్యి మంచిది అన్నాను. తర్వాత అడిగింది, ఇవాళ పాత స్లైడే చూపిస్తారా మేడం?

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, ప్రశ్న. ఒక్క ఆకులోనూ రెండూ ఎందుకు లేవు? దోమకు ఆ పట్టింపు ఉండదే, రెండింటినీ ఒకే కడుపులో మోస్తుంది. అయితే ఆపుతున్నది మొక్క. వత్రాప్ గింజలో ఏముంది, ఆ కలం పట్టుకున్న చెయ్యి ఒకరి ఉత్తరాలు రాస్తాను, ఇంకొకరివి రాయను అంటోందా? ఈ ప్రశ్న పట్టుకుని ఒక నిమిషం చాలా సంతోషంగా ఉన్నాను, సిగ్గులేకుండా. ఆ తర్వాత వచ్చింది. ముప్పై మూడేళ్ళు. ఎందరు పిల్లలు నా రెండో మొదలును వెతుకుతూ ఎన్ని ఫిల్ములు పాడుచేసుకున్నారో. ఏడో ఫిల్ము. గోడవైపు చూస్తున్న మాధవన్. ఏడ్చాను. పక్కావిడ నా మోచేతి మీద చెయ్యేసి, ఎవరికేమైందమ్మా అంది. ఎవరికీ ఏమీ కాలేదు, నేనొక తప్పు చేశాను అన్నాను. దానికా అన్నట్టు చూసి చెయ్యి మాత్రం తీయలేదు. జూన్ దాకా ఓపిక పడితే చాలు కదా. శాలువా కప్పించుకుని ఇంటికెళ్ళాక తీరిగ్గా ఒక చిన్న సవరణ పంపొచ్చు, ఎవరూ చదవని పేజీలో వేస్తారు. మాధవన్‌కు కూడా తెలియనక్కర్లేదు. పైగా ఆ సవరణలో ఏమని రాయాలి? నమూనా కలుషితమైంది అని, మా వాళ్ళకు వేరే మాట లేదు. కొంగున ముడేసుకుని వత్రాప్ నుంచి బస్సులు మారి వచ్చిన పిడికెడును నేను కలుషితం అని రాయనా? రాయను. చేను మొదటినుంచీ రెండు ఇళ్ళది, నేను ఒక ఇంటిదని రాసుకున్నాను, అలా రాస్తాను. తప్పు పిడికెడుది కాదు, అడగనిదానిది. ల్యాప్‌టాప్ తెరిచాను. మొదటి స్లైడు, ఒక జన్యువు, రెండు మొదళ్ళు. చెరిపేశాను. బదులుగా ఏం రాయాలో తోచలేదు, తెల్లగా వదిలేసి మూత వేశాను. విరుదునగర్ ఊరి బోర్డు దాటింది. చెప్పాల్సింది హాలులో వందమందికి కాదు, బస్టాండులో ఒక్కడికి.

దూరం నుంచే గుర్తుపట్టాను. జుట్టు సగం నెరిసింది, పొట్ట వచ్చింది, నిలబడడం మాత్రం అదే, బరువంతా ఒక కాలి మీద. వణక్కం మేడం అంటూ సంచీ అందుకోబోయాడు. నేను సంచీ ఇవ్వలేదు. "మాధవా, నా ఆకుల్లో ఉండింది రెండు వైరసులే. ఇప్పుడే తెలిసె. నువ్వు చెప్పిందే సరి. నీ చేతికి ఒప్పదంటిని, నేను అన్నది తప్పు." ఇంత బాహాటంగా, బస్సుల హారన్ల మధ్య, మా ఇంటి తెలుగులో, ఒక్క గుక్కలో. వాడు కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మొహంలో ఏమేం వచ్చి పోయాయో, అన్నిటికీ పేరు పెట్టలేను, కోపం కూడా ఉంది, ఉండాలి.

"ఒగే ఆకులో రెండూ ఉండెనా, వేరే వేరేనా?" అన్నాడు చివరికి.

"వేరే వేరే. ఐదింట్లో ఒగదాంట్లో కూడా కలిసి లేవు."

"ఎట్ల లేకుండా పోతాది అక్కా? దోమ రెండింటినీ మోసుకోని వస్తాది గదా." అక్కా అన్నాడు. ఆ మాట నోటివెంట వచ్చిందని వాడికి తెలిసినట్టు లేదు, కళ్ళు అప్పుడే ఎక్కడో గాజు గదిలో ఉన్నాయి. సంచీలోంచి మూట తీసి వాడి అరచేతిలో పెట్టాను. వత్రాప్ ఉద్దులు, మా అత్త ఏటా మా నాయన గంపలో కలిపిందంట, నాకు మొన్ననే తెలిసె అన్నాను. వాడు ముడి విప్పలేదు. వేళ్ళతో గింజలు తడుముతూ తల వంచుకున్నాడు.

"మా అత్త కూడా వేస్తా ఉండె" అన్నాడు. "చిన్నప్పుడు గంప పట్టుకోని నిలిచేవాణ్ణి నేనే."

నాకు ఒక క్షణం పట్టింది. గోడవైపు చూస్తూ, చెప్పబోయి ఆగిపోవడం. "అంటే అప్పుడే నీకు తెలుసునా? మరి ఎందుకు చెప్పలేదురా? ఏడు తడవలు చేస్తివి, పట్టా వదులుకోని పోతివి, ఆ ఒగ మాట చెప్పి ఉంటే!"

"చెప్తే పండదు గదక్కా. మీ నాయన ఇంకా విత్తుతా ఉండె."

"నువ్వు, సైన్స్ చదివినవాడివి, దాన్ని నమ్మితివా?"

"నమ్మలేదు" అన్నాడు మాధవన్, మూటను జేబులో పెట్టుకుంటూ. "అది నిజమా అబద్ధమా అని మీ నాయన చేన్లో పరీక్ష చేసి చూసేదానికి నాకు మనసు రాలేదు."